మెట్ల పక్క గోడ

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, కోపం తెచ్చుకోకు. పరంజా కట్టినప్పటి నుంచీ తెల్లారితే ఆ పాత ఆఫీసు భవనం దగ్గరే ఉంటున్నాను. ఇంటికొచ్చి ఫోటోలకు తేదీ, చోటు, లెన్స్ వివరాలు రాసుకునేసరికి అర్ధరాత్రి అవుతోంది. "మరమ్మతు అయ్యాక తీయొచ్చుగా, పెచ్చులూడిన గోడల్లో ఏముందిరా?" అని అడిగావు కదా, దానికే ఈ జవాబు.

అయ్యాక ఎవరైనా తీస్తారు. రంగులేసి దీపాలు పెట్టాక ఫోటోలకు కొదవుండదు. పోయినవారం మేస్త్రీలు మెట్ల పక్క గోడ మీద సిమెంటు పూత చెక్కేస్తే లోపలి పాత ఇటుక, సున్నం బయటపడ్డాయి. నాలుగు రోజులాగి మళ్ళీ సున్నంతో కప్పేశారు. ఆ నాలుగు రోజుల్లో తీయకపోతే ఆ ఇటుక వరసలు ఎలా పేర్చారో ఇక చూసే దారే లేదు.

ఆ సిమెంటు సంగతి చెప్పాలి నీకు. పాత గోడ చెమ్మ పీల్చుకుంటుంది, సున్నం గుండా నెమ్మదిగా వదిలేస్తుంది. ఎప్పుడో ఎవరో మరమ్మతు చేశామనుకుని దాని మీద సిమెంటు పూశారు. అది గట్టిది, చెమ్మను తేలిగ్గా వదలదు. నీళ్ళు లోపలే నిలిచి, వాటిలో కరిగిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి, ఇటుకను పొరలు పొరలుగా రాల్చేసింది. చెయ్యి పెడితే పిండిలా వచ్చేస్తుంటే ప్రాణం ఉసూరుమంది రా.

మొదట్లో మధ్యాహ్నం గోడకు ఎదురుగా నిలబడి తీశాను, అంతా చదునుగానే కనిపించింది. మర్నాడు పొద్దున్నే, ఎండ గోడను పక్కనుంచి రాసుకుంటూ పోయే కాసేపట్లో తీస్తే ప్రతి ఉబ్బూ, ప్రతి పగులూ నీడతో సహా తేలింది. ఇంజనీరు గారు ఆ ఫోటో చూసి, బాగానే ఉందని వదిలేసిన ఒక భాగాన్ని తట్టి చూడమన్నారు. డొల్లగా మోగింది. ఆ రోజంతా నాకు ఆకలి కూడా వేయలేదు.

మధ్యలో ఒక టెన్షన్ వచ్చింది. ప్రతి వారం ఒకే చోటు నుంచి తీయాలని నేల మీద సుద్దతో గుర్తు పెట్టుకున్నాను. ఒకరోజు వెళ్ళేసరికి అక్కడ ఇటుకల లోడు దించారు. అది తీసేసరికి గుర్తు చెరిగిపోయింది. మొదటి రోజు తీసిన ప్రింటు చేత్తో పట్టుకుని, ముందున్న స్తంభం అంచు వెనక కిటికీని ఎక్కడ కోస్తోందో చూసుకుంటూ అడుగులో అడుగు వేసి వెతికాను. అంగుళాలు జరిగినా తేడా తెలిసిపోతుంది. దగ్గరిదొకటి, దూరానిదొకటి చొప్పున రెండు మూడు జతలు ప్రింటులో ఉన్నట్టే కుదిరితే మనం పాత చోటికి వచ్చినట్టే. జూమ్‌తో సరిపెడదామంటే కుదరదు. బొమ్మ పెద్దదవుతుంది గానీ స్తంభం కిటికీ మీంచి పక్కకు జరగదు కదా. గంటన్నర పట్టింది, దొరికింది. ఇప్పుడు గోడ నుంచి, మెట్ల నుంచి ఎంత దూరమో టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకున్నాను.

ఈ పని కొత్తదేమీ కాదు. 1851లోనే ఫ్రాన్స్ ప్రభుత్వం మరమ్మతు కావాల్సిన కట్టడాల ఫోటోలు తీసుకురమ్మని ఐదుగురు ఫోటోగ్రాఫర్లను పంపింది. వాళ్ళలో గుస్తావ్ ల గ్రే, మెస్త్రాల్ కలిసి కార్కసోన్ కోట గోడలు తీశారు. తర్వాత వియొలె ల డ్యూక్ అనే వాస్తుశిల్పి ఆ కోటను బాగుచేస్తూ బురుజుల మీద శంకువులా మొనదేలిన కప్పులు పెట్టాడు, అవి సరైనవేనా అని ఎన్నో వాదనలు నడిచాయి. ముందు ఎలా ఉండేదో చూడాలంటే ఆ ఫోటోలు ఉన్నాయి. ఇంకో మనిషి, మైడెన్‌బావర్ అని జర్మన్. 1858లో వెట్జ్లార్ చర్చిని కొలుస్తూ పైనుంచి పడిపోబోయి బతికాడు. గోడెక్కకుండా ఫోటోల మీదే కొలతలు తీయొచ్చు కదా అని ఆలోచన వచ్చిందట. ఇప్పుడు మేం ఒకదాని మీద ఒకటి సగానికి పైగా కలిసేలా వందల ఫోటోలు తీసి కంప్యూటర్లో గోడ నమూనా తయారు చేసేది ఆ ఆలోచనతోనే.

రంగు విషయం కూడా అంతే. లండన్ పార్లమెంటు గడియార స్తంభాన్ని 2017 నుంచి 2022 దాకా బాగుచేసినప్పుడు పాత రంగు పొరలు పరీక్షిస్తే, నల్లగా ఉన్న ముళ్ళు మొదట్లో ప్రష్యన్ నీలం అని తేలింది. మళ్ళీ అదే వేశారు. మా దగ్గర కిటికీ రెక్క గీకితే గోధుమరంగు కింద ఆకుపచ్చ కనిపించింది. దాని పక్కన రంగుల కార్డు (రంగులు పోల్చుకోడానికి గళ్ళు గళ్ళుగా ఉండే అట్ట), చిన్న స్కేలు పెట్టి తీశాను. కార్డు లేకపోతే సాయంత్రం ఎండకి అదే ఆకుపచ్చ పసుపు తిరిగి కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. బాబాయ్ ఈ ఆఫీసులోనే పనిచేశారు కదా, మీ హాల్లో గోడకు గ్రూప్ ఫోటో ఒకటి ఉండేది. అందరూ ఈ మెట్ల మీదే నిలబడ్డారని నాకు గుర్తు. మెట్ల పక్క పిట్టగోడ ఇప్పుడు సగమే ఉంది, మిగతా సగం ఎలా ఉండేదో ఎవరికీ తెలియడం లేదు. వచ్చే నెల దాన్ని కట్టబోతున్నారు. బాబాయ్‌ని అడిగి ఆ ఫోటో ఫ్రేములోంచి తీసి, అంచులు కత్తిరించకుండా స్కాన్ చేసి పంపు. వెనకవైపు కూడా తియ్యి, తేదీ ఉంటే ఉండొచ్చు. మనుషుల మొహాలు మసకగా ఉన్నా ఫర్లేదు, వాళ్ళ కాళ్ళ పక్కనున్న రాయి కనిపిస్తే చాలు.

ఉంటానురా. పిన్నికి నమస్కారాలు చెప్పు.