దసరాకు తెస్తానన్న ప్రాడో రావడం లేదు

2025 ఆగస్టు చివర్లో మన పాత కార్ల షాపు వాట్సాప్ స్టేటస్‌లో తెల్ల ల్యాండ్ క్రూజర్ ప్రాడో వీడియో ఒకటి పెట్టాను, చాలామంది చూసే ఉంటారు. దసరాకు నెల్లూరులో దిగుతుందని, దాని వెనకే ఇంకో రెండు పెద్ద బండ్లు వస్తాయని కింద రాశాను. ముగ్గురు తలా యాభై వేలు అడ్వాన్స్ ఇచ్చారు. దసరా పోయింది, దీపావళి పోయింది. "ఏందన్నా, బండి ఎప్పుడొస్తాది?" అని ఫోన్ చేసినవాళ్లకు "పేపర్ల పని మీద ఉంది" అని చెబుతూ వచ్చాను. అది అబద్ధం. ఆ బండి రాదు, మిగతా రెండూ రావు. ఏం జరిగిందో షాపుకు వచ్చినవాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఇక్కడ ఒకేసారి చెబుతున్నాను.

మొదట, ఈ ఆలోచన నా బుర్రలోకి ఎందుకొచ్చిందో. ఆగస్టు 15న ప్రధాని జీఎస్టీ తగ్గిస్తామని ప్రకటించారు. మర్నాటి నుంచే మన షాపులో బేరాలు ఆగిపోయాయి. కొత్త కారే తగ్గబోతుంటే పాతది ఎవరు కొంటారు? సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు చిన్న కార్ల మీద 28 శాతం పన్ను 18కి దిగింది, పైన ఉన్న సెస్సు పోయింది. కొనేవాళ్లకు మంచిదే, నేను కాదనను. కానీ అప్పటికి నా షెడ్డులో పదకొండు కార్లు ఉన్నాయి, అన్నీ పాత రేట్లకు కొన్నవి. 5 లక్షల 40 వేలు పెట్టి తెచ్చిన స్విఫ్ట్‌ను 4 లక్షల 95 వేలకు వదిలించుకున్నాను. పాత కార్ల డీలరు తన మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి కదా, నష్టానికి అమ్మితే అది కట్టే పని లేదు. అదొక్కటే ఓదార్పు.

దానికి తోడు ఆగస్టు 27 నుంచి మన దేశపు సరుకు మీద అమెరికా 50 శాతం సుంకం వేసింది. ఇందుకూరుపేట, ముత్తుకూరు, కోట వైపు రొయ్యల చెరువుల వాళ్లే నాకు పెద్ద బండ్ల కస్టమర్లు. వాళ్లు అమెరికాకు పోయే రొయ్యల కౌంటు రేటు (కిలోకు ఎన్ని తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధర) పడిపోతుందని టెన్షన్‌లో ఉన్నారు, కారు మాట ఎత్తితే ఫోన్ పెట్టేస్తున్నారు. షెడ్డు అద్దె, ఇద్దరు కుర్రాళ్ల జీతాలు, ఫైనాన్స్ వడ్డీ మాత్రం ఆగవు. సరిగ్గా అప్పుడే ఒక బ్రోకరు తగిలాడు. మనిషి మర్యాదస్తుడే, మాట తియ్యన. భూటాన్‌లో సైన్యం వాడి తీసేసిన బండ్లు వేలంలో వస్తాయనీ, అక్కడి సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్ నుంచి గేటు దాటితే పశ్చిమ బెంగాల్‌లోని మన జైగావ్ అనీ, అక్కడి నుంచి హిమాచల్ రిజిస్ట్రేషన్‌తో దక్షిణానికి దిగుతాయనీ చెప్పాడు. ప్రాడో 14 లక్షలన్నాడు. ఇక్కడ కళ్లు మూసుకుని 20కి పోతుంది. ఆరు లక్షలు! ఏడాదంతా చిన్న కార్లు తిప్పినా అంత మిగలని రోజులవి. రెండు లక్షలు టోకెన్ వేశాను. మీ డబ్బు ముట్టుకోలేదు, నాదే వేశాను. కానీ మీ అడ్వాన్సులు ఉన్నాయన్న ధైర్యంతోనే వేశాను, అదీ నిజమే.

సెప్టెంబర్ 14, ఆదివారం. బండి మద్రాసు శివార్లలో రెడ్‌హిల్స్ దగ్గర ఒక షెడ్డులో ఉందంటే మా మెకానిక్ భాయ్‌ని వెంటబెట్టుకుని తెల్లారుజామునే బయలుదేరాను. బండి చూస్తే నిజంగా కళ్లు చెదిరింది. పెయింటు అద్దంలా ఉంది, ఇంజను ఒక్క సెల్ఫుకు అందుకుంది. నేను సీట్లో కూర్చుని ఏసీ చూసుకుంటుంటే భాయ్ స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పమన్నాడు. ముందు కుడి చక్రం పక్కకు తిరిగింది. కింద పడుకుని, డీజిల్‌లో ముంచిన గుడ్డతో ఛాసిస్ (బండి అడుగు చట్రం) మీద నంబరు ఉన్నచోట మట్టి తుడిచాడు. పెన్సిల్, కాగితం తీసి నంబరు ప్రింటు తీశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది. మొదటి అక్షరాలు సన్నగా, శుభ్రంగా పడ్డాయి. చివరి ఆరు అంకెలు లావుగా, ఒకటి పైకీ ఒకటి కిందికీ, వాటి చుట్టూ గ్రైండింగ్ గీతలు, పాత నంబరు అరగదీసి కొత్తది కొట్టినట్టు. భాయ్ ఏమీ అనలేదు. లేచి డ్రైవరు పక్క సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగాడు. అడుగున కుట్టిన చిన్న గుడ్డముక్క మీద తయారైన ఏడాది ఉంటుంది. 2005 అని ఉంది. ఆర్‌సీలో బండి తయారీ 2012.

"బండికి ఒక పుట్టినరోజు, బెల్టుకు ఒక పుట్టినరోజా అన్నా?" అన్నాడు భాయ్, అంతే. తర్వాత ముందు అద్దం మీద పాత స్టిక్కరు గోకేసిన చదరపు మచ్చ కూడా చూపించాడు. బిల్ ఆఫ్ ఎంట్రీ ఇవ్వమని అడిగాను. విదేశంలో తయారై పద్ధతిగా దిగిన ప్రతి బండికీ ఆ కస్టమ్స్ కాగితం ఉండి తీరాలి. "ఆర్మీ వేలం బండికి అది ఉండదు సార్" అని సైన్యం ముద్రలున్న జిరాక్సులు రెండు చేతిలో పెట్టారు. జిరాక్సులే, ఒరిజినల్ ఒక్కటి లేదు.

ఇక్కడ నేను వెంటనే వెనక్కి వచ్చేశానని రాసుకోవచ్చు. రాలేదు. తిరుగు ప్రయాణంలో సూళ్లూరుపేట దాటేదాకా భాయ్‌తో వాదించాను. బెల్టు ఎప్పుడో మార్చి ఉంటారన్నాను, ఛాసిస్ తుప్పు పట్టి ఉంటుందన్నాను. బ్రోకరుకు ఫోన్ చేసి ఒక వారం టైము అడిగాను. ఆ వారం దాటి రెండు రోజులకే, సెప్టెంబర్ 23న, కేరళలో కస్టమ్స్ వాళ్లు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో ఒకేసారి చాలాచోట్ల దాడులు చేశారు. నుమ్‌ఖోర్ అంటే భూటాన్ భాషలో వాహనమట. సినిమా నటుల ఇళ్లనూ వదల్లేదు. మొదటి రోజే ముప్పైకి పైగా బండ్లు పట్టుకున్నారు. భూటాన్ నుంచి డ్యూటీ కట్టకుండా తెచ్చి, సైన్యం పేరుతో, రాయబార కార్యాలయాల పేరుతో దొంగ కాగితాలు పుట్టించి, హిమాచల్ లాంటి చోట్ల రిజిస్టర్ చేయించి అమ్మారని అధికారులు చెప్పారు. టీవీలో వరసగా ఆ బండ్లు చూపిస్తుంటే, అందులో ఒక తెల్లటిది కనిపించినప్పుడు నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. అది నేను చూసిన బండి కాదులెండి. కానీ ఇంకో పది రోజులుంటే అలాంటి బండే మీలో ఒకరి ఇంటి ముందు ఉండేది. తెలియక కొన్నామన్నా సీజ్ అయ్యేది బండే. కొన్నవాళ్లు కోర్టు చుట్టూ తిరగాలి, నేను మొహం చాటెయ్యాలి.

బ్రోకరు ఫోన్ ఆ సాయంత్రం నుంచి స్విచాఫ్. రెండు లక్షల టోకెన్‌లో మధ్యవర్తి ద్వారా 60 వేలు వెనక్కి వచ్చింది. మిగతాది రాదు, వస్తుందని నేను చూడటమూ లేదు.

దీని తర్వాత ఇద్దరు ముగ్గురు కస్టమర్లు ఒకటే అడిగారు: దొంగదారి వద్దు సరే, రాజమార్గంలోనే తెప్పించవచ్చు కదా? అల్లూరు అన్న అయితే, "కొలంబో ఎంత దూరం అబ్బయ్యా, ఓడెక్కించి మన కృష్ణపట్నంలో దించేదానికేముంది" అన్నాడు. ఉంది. వాడిన కారును బయటి దేశం నుంచి దించాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. స్పీడో మీటరు కిలోమీటర్లలో ఉండాలి. హెడ్‌లైట్లు మనలాగా ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు సరిపడాలి. ఇంకా కనీసం ఐదేళ్లు రోడ్డు మీద నడుస్తుందని ఓడెక్కక ముందే సర్టిఫికెట్ కావాలి, దిగాక పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహనాలు పరీక్షించే సంస్థలో మళ్లీ పరీక్ష. అది దిగాల్సింది ముంబై రేవులోనే. కృష్ణపట్నం కాదు, మద్రాసు కూడా కాదు. జైగావ్ గేటు అసలే కాదు. భూటాన్ బండ్లు రోజూ ఆ గేటు దాటి వస్తూనే ఉంటాయి, కానీ పని చూసుకుని తిరిగి వెళ్లడానికి వస్తాయి, మన దగ్గర ఉండిపోవడానికి కాదు.

ఇవన్నీ దాటినా లెక్క చూడండి. వాడిన కారు మీద కస్టమ్స్ డ్యూటీ 70 శాతం, దానికి తోడు అగ్రి సెస్సు (వ్యవసాయ అభివృద్ధి పేరుతో వేసేది) 67.5, కలిపి 137.5 శాతం. పది లక్షల బండి అక్కడికే 23 లక్షల 75 వేలు. పెద్ద బండి కాబట్టి ఆ మొత్తం మీద 40 శాతం జీఎస్టీ వేస్తే 33 లక్షల పైన తేలుతుంది. ఓడ ఖర్చు ఆ పది లక్షల్లోనే ఉందనుకున్నా, ముంబై నుంచి ఇక్కడికి లారీ బాడుగ, మన లైఫ్ ట్యాక్స్ వేరే. పైగా శ్రీలంకలో పది లక్షలకు ఏం దొరుకుతుంది? 2020 నుంచి 2025 మొదటిదాకా వాళ్లు కార్ల దిగుమతే ఆపేశారు. ఉన్న పాత బండ్లకే అక్కడ గిరాకీ. మన దగ్గర ఆల్టోకు పలికే ధరకు అక్కడ ఆల్టో కూడా రాదు. అల్లూరు అన్నకు కాగితం మీద ఈ లెక్క వేసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకుని, "అయితే ఇన్నోవా చూడు" అన్నాడు.

మనం తెచ్చే బయటి బండ్లంటే ఇక తమిళనాడు, కర్ణాటకవే. వాటిలోనూ చిక్కులున్నాయి. 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపానుకు మద్రాసు మునిగినప్పుడు నీళ్లలో నానిన కార్లు కొన్నాళ్లు చవగ్గా మన వైపు వచ్చాయి. కార్పెట్ ఎత్తి, సీటు పట్టాల కింద తుప్పు చూసి, అలాంటివి రెండు నేనే వెనక్కి పంపాను. ఒకదాన్ని కనిపెట్టలేకపోయాను, అమ్మేశాను. ఆ కస్టమరు మూడు నెలలకు వైరింగ్ మొత్తం మార్పించుకున్నాడు, సగం నేను పెట్టుకున్నాను. ఇకమీదట బయటి రాష్ట్రపు బండికి ఛాసిస్ ప్రింటు మీ ముందే తీస్తాం, ఆ కాగితం మీకే ఇస్తాం. ఫారం 28, అంటే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ, నా చేతికి వచ్చాకే స్టేటస్‌లో పెడతాను. "వస్తుంది, దారిలో ఉంది" అనే మాట ఇక ఉండదు. లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో బండి ధరతో పాటే చెబుతాను. పేరు మార్పు అయ్యేదాకా నాకివ్వాల్సిన దాంట్లో పదివేలు ఆపుకోండి, అభ్యంతరం లేదు. మీ బండి మాకు అమ్మినా అంతే: ఆన్‌లైన్‌లో ఫారం 29సి, అంటే బండి డీలరు చేతికి వచ్చిందని ఆర్టీఓకు తెలిపే కాగితం, ఎక్కించి, రసీదు మీ ఫోన్‌కు వచ్చాకే తాళం తీసుకుంటాం. ఆ తర్వాత చలానా వస్తే మా నెత్తిన.

మెకానిక్ భాయ్‌ని అడ్డగోలుగా వాదించినందుకు క్షమించమని అడిగాను. "బిర్యానీ పెట్టించన్నా చాలు" అన్నాడు. పెట్టించాను.

అడ్వాన్సుల సంగతి. ముగ్గురిలో ఇద్దరికి పూర్తిగా తిరిగి ఇచ్చేశాను. మూడో ఆయన కోట దగ్గర చెరువుల ఆయన, ఆయనకు 30 వేలు ఇచ్చాను, ఇంకా 20 వేలు బాకీ. షెడ్డులో ఉన్న వ్యాగన్ ఆర్ మీద సూళ్లూరుపేట టీచరమ్మ మాట ఇచ్చి ఉంది, బేరం తెగగానే ఆ డబ్బు నేరుగా కోటకు పోతుంది. ఆ ముగ్గురూ ఇది చదువుతారని తెలుసు. ప్రాడో వీడియో స్టేటస్ నుంచి ఎప్పుడో పోయింది, దాన్ని దాచుకున్నవాళ్లు ఉంటే దయచేసి ఎవరికీ పంపొద్దు. నిన్న కూడా కావలి నుంచి ఒకాయన "ఇది ఇంకా ఉందా" అని అడిగాడు.