సైకిలు తొక్కించిన ఇద్దరికి కృతజ్ఞతలు

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉందని తేలి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో అందరి నోటా ఎక్కువగా విన్న మాట "అలసిపోకు" అన్నదే. మెదడులో, వెన్నుపాములో నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరను శరీరపు రక్షణ వ్యవస్థే దెబ్బతీసే జబ్బు కనుక, కదలకుండా ఉంటే ఉన్న ఓపికైనా మిగులుతుందని ఇంట్లోవాళ్లు నమ్మారు, నేనూ నమ్మాను. ఆ నమ్మకాన్ని పోగొట్టి, ఆరు నెలలుగా నా చేత వ్యాయామ సైకిలు తొక్కిస్తున్న ఇద్దరికి నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకుందామని ఇది రాస్తున్నాను.

మొదటివారు మా ఫిజియోథెరపిస్టు గారు. చెన్నై ఎండలో నాలుగడుగులు వేగంగా వేస్తే చాలు, నాకు చూపు మసకబారేది. ఒళ్లు వేడెక్కినప్పుడు పొర దెబ్బతిన్న నరంలో సంకేతం మందగించడం వల్ల అలా అవుతుందని, చూపు ఇలా మసకబారడాన్ని 1890లోనే ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు గుర్తించి రాశారని, చల్లబడగానే సర్దుకుంటుంది కాబట్టి అది జబ్బు ముదరడం కాదని ఆవిడ ఓపికగా చెప్పారు. తెల్లవారుజామున ఐదున్నరకు, ఎదురుగా టేబుల్ ఫ్యాను, మెడ మీద తడి తువ్వాలు పెట్టించి, పది నిమిషాలతో మొదలుపెట్టి అరగంట దాకా తీసుకొచ్చారు.

రెండోవారు టి.నగర్‌లో మా కింది వాటాలో ఉండే నెల్లూరు పెద్దాయన. ఇన్నాళ్లూ తువ్వాళ్లు ఆరేసుకోవడానికి మాత్రమే పనికొచ్చిన తమ వ్యాయామ సైకిలును మా వరండాలోకి చేర్చారు. తొక్కేటప్పుడు మాట్లాడగలగాలి గాని పాడగలగకూడదని ఫిజియో గారు చెబితే, ఆయన ఆ కొలతకు పద్యాన్ని ఎంచుకున్నారు. తొక్కుతూ నేను పద్యాన్ని రాగం తీసి పాడగలిగితే "ఇంకొంచెం తొక్కమ్మా" అనేవారు, పద్యపాదం మధ్యలో ఊపిరి తెగితే "నిదానించు" అనేవారు, మాట మరిచిపోతే అందించేవారు.

రాత్రి మూత్రానికి ఇప్పటికీ రెండుసార్లు లేస్తున్నాను. కానీ లేచాక తెల్లవార్లూ కాళ్ల బిగుతుతో దొర్లడం తగ్గి, మళ్లీ నిద్ర పడుతోంది. ఆలోచనా వేగాన్ని కొలిచేందుకు, గుర్తులకు సరిపడే అంకెలను 90 సెకన్లలో చెప్పే పరీక్షలో సైకిలు మొదలుపెట్టినప్పుడు 38 వచ్చింది, మొన్న 43. ఇందులో కొంత పరీక్ష అలవాటు కావడం వల్లా అయి ఉండవచ్చు. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, జబ్బు క్రమంగా ముదిరే రకం ఉన్న 311 మందిని పరిశీలించగా, మెదడు సాధనకు ఏరోబిక్ వ్యాయామం జోడించినంత మాత్రాన ఆలోచనా వేగం అదనంగా పెరగలేదని తేలిందని ఫిజియో గారు మొదటి రోజే చెప్పారు. ఆశ పెట్టకుండా అలా చెప్పినందుకే ఆవిడ మాట మీద నాకు గురి కుదిరింది. మందులు మాత్రం ఒక్క పూట కూడా మానలేదు.

వచ్చే నెల పెద్దాయన బెంగళూరులోని కూతురి దగ్గరికి వెళ్తున్నారు. సైకిలు నాకే వదిలేసి, పద్యాలు ఫోనులో వింటానన్నారు. ఇద్దరికీ నా నమస్కారాలు.