సంరక్షణ లోపమంటూ డిజిటల్ పియానోకు వారంటీ నిరాకరించడంపై ఫిర్యాదు

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం.

విషయం: మీటల లోపానికి మమ్మల్ని బాధ్యులను చేస్తూ మీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన నివేదిక గురించి.

పోయిన వారం ఆ నివేదిక నా చేతికి అందింది. లోపల దుమ్ము చేరిందని, వాడేవారు సరిగా చూసుకోకపోవడమే కారణమని, అందువల్ల వారంటీ వర్తించదని అందులో రాశారు. పియానో కొని 20 నెలలైంది. వారంటీ 3 సంవత్సరాలు. ఈ నిర్ణయాన్ని నేను అంగీకరించడం లేదు.

మధ్య సి పైనున్న ఎఫ్ షార్ప్ మీటతో ఇది మొదలైంది. మెత్తగా వాయించాల్సిన చోట ఆ ఒక్క స్వరం ఉన్నట్టుండి అరిచినట్టు మోగేది. పియానో నేర్చుకుంటున్నది మా అమ్మాయి. వేలి మీద అదుపు లేదని టీచరు చెబితే తన తప్పేననుకుని, ఆ ఒక్క చోటే రోజూ పదేపదే సాధన చేసింది. కొన్నాళ్లకు ఆ మీట వచ్చే పాఠాలనే పక్కన పెట్టేయడం మొదలుపెట్టింది. అది చూశాకే నాకు అనుమానం వచ్చింది.

పియానోను యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి, మిడి సంకేతాలను, అంటే వాయించిన ప్రతి మీట వివరాన్నీ అంకెల్లో చెప్పే సంకేతాలను, నమోదు చేశాను. మీటను ఎంత వేగంగా నొక్కామో అందులో 1 నుంచి 127 వరకు అంకెల్లో కనిపిస్తుంది. చేతి బలం మీద నెపం పెట్టే వీలు లేకుండా, గుడ్డలో చుట్టిన ఒక చిన్న బరువును ఒకే ఎత్తు నుంచి మీటల మీద ఇరవయ్యేసి సార్లు వదిలి చూశాను. పక్కనున్న జీ షార్ప్ అన్నిసార్లూ 40కి అటూ ఇటూగానే ఉంది. ఎఫ్ షార్ప్ మాత్రం ఇరవైలో నాలుగు సార్లు ఏకంగా 127 చూపించింది. ఒకసారి అసలు పలకనేలేదు.

దీనికి కారణం మీకు నేను చెప్పనక్కర్లేదు, అయినా నివేదికలో ఆ ఊసే లేదు కనుక రాస్తున్నాను. మీట కింద రబ్బరు పట్టీలో రెండు స్పర్శ బిందువులు ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. ఆ రెండింటి మధ్య వ్యవధిని బట్టే స్వరం ఎంత గట్టిగా పలకాలో యంత్రం నిర్ణయిస్తుంది. మొదటి బిందువు దగ్గర దుమ్ము చేరి అది ఆలస్యంగా తగిలితే, ఆ వ్యవధి తగ్గిపోయి, మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినట్టే లెక్కకు వస్తుంది. కాబట్టి దుమ్ము చేరిందన్న మీ మాటను నేను కాదనడం లేదు. అది మా నిర్లక్ష్యం ఎలా అయిందన్నదే నా ప్రశ్న.

మీ పుస్తకంలో చెప్పినవన్నీ పాటించాం. కిటికీ ఎండ తగలని గోడ పక్కన, తేమ లేని చోట పెట్టాం. వాయించడం కాగానే గుడ్డ కప్పుతాం. మీటలను నీటితో తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో మళ్లీ తుడుస్తాం. థిన్నర్, స్పిరిట్ లాంటివి దగ్గరకు రానివ్వలేదు. నీళ్ల గ్లాసు కూడా దాని మీద ఎప్పుడూ పెట్టలేదు. అడాప్టర్ మీరిచ్చినదే.

ఇంత చేసినా మీటల మధ్య సందులు సందులే. కప్పిన గుడ్డ వాయించేటప్పుడు ఉండదు కదా! ఆ సందుల్లోంచి లోపలికి చేరిన దుమ్మును తీయాలంటే పెట్టె విప్పాలి. విప్పితే వారంటీ పోతుందని మీరే అచ్చు వేశారు. విప్పడానికి వీల్లేని చోటును శుభ్రం చేయలేదని నన్ను తప్పుపట్టడం ఏ రకంగా న్యాయం?

ఇంకొక మాట. డబ్బు చెల్లిస్తామన్నా 88 మీటల కీబోర్డు మొత్తం మార్చాల్సిందేనట. ఆ రబ్బరు పట్టీలు విడి భాగాలు, సాధారణంగా పన్నెండేసి మీటలకు ఒకటిగా వస్తాయి. చాలాసార్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో స్పర్శ బిందువులను తుడిస్తేనే సరిపోతుంది, లేదంటే ఆ ఒక్క పట్టీ మార్చవచ్చు. పట్టీని విడిగా అమ్మమని అడిగితే కుదరదన్నారు. ఇంటికి వచ్చిన టెక్నీషియన్ మర్యాదగానే మాట్లాడారు, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. విడి భాగం ఇవ్వకూడదన్న నియమం ఆయనది కాదు.

శ్రుతి చేయించే పని లేదని, నిర్వహణ సులువని చెప్పి ఈ వాయిద్యాన్ని అమ్మారు. శ్రుతి సంగతి నిజమే. కానీ మీటల అడుగున ఉండే ఫెల్ట్ అనే మెత్తని ఉన్ని గుడ్డ అణిగిపోతుందని, స్పర్శ బిందువులకు దుమ్ము పడుతుందని, కొన్నేళ్లకొకసారి లోపల శుభ్రం చేయించాలని మీ పుస్తకంలో ఒక్క ముక్క లేదు. అది రాసి, ఆ పని చేసే ఏర్పాటు కూడా మీరే చూపించాలి.

వారంటీ కిందనే ఆ మీటల పట్టీని శుభ్రం చేయించండి, లేదా మార్పించండి. నివేదికలో మా సంరక్షణ లోపమని రాసిన మాటను తొలగించి, కొత్త నివేదిక పంపండి. మిడి నమోదులు, పియానో ఉన్న గది ఫొటోలు, వారంటీ పత్రం నకలు ఈ లేఖకు జత చేశాను. టెక్నీషియన్ ఏ రోజు వస్తారో పది రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు. పని జరిగేటప్పుడు మా అమ్మాయి కూడా పక్కనుండి చూస్తుంది. తప్పు తన వేలిది కాదని ఆమె కళ్లారా చూడాలి.

ఇట్లు,
మీ వినియోగదారు