కాండాన్ని కాపాడి వేళ్లను వదిలేస్తే ఎలా?

సంపాదకుడికి,

రక్షిత చెట్టును నరకాలంటే అనుమతి తీసుకోవాలి. అదే చెట్టు పక్కన మూడడుగుల లోతున డ్రైనేజీ కాలువ తవ్వాలంటే చెట్టు మాట ఎవరూ ఎత్తరు. శివారు కాలనీల్లో ప్రహరీ పునాదులు, కేబుల్ గోతులు, పార్కింగ్ టైల్స్ ఇలాగే గొడ్డలి తాకకుండా చెట్లను చంపుతున్నాయి.

నీటిని, పోషకాలను పీల్చే వేళ్లలో చాలా భాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. అవి కొమ్మల నీడ దాటి చాలా దూరం పాకుతాయి. అవి తెగినా చెట్టు వెంటనే ఎండదు. దాచుకున్న పిండిపదార్థంతో కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. ఆకులు చిన్నవవుతాయి, చిటారు కొమ్మలు మోడుబారతాయి. పట్టుగా ఉండే లావు వేళ్లు కూడా పోయి ఉంటే గాలివానకు కూలిపోతుంది. ఈలోగా కాంట్రాక్టర్ బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. చెట్టు ప్రమాదకరంగా ఉందని దరఖాస్తు పెడితే, ఎందుకలా అయిందని అడిగేవారు ఉండరు.

ఎంత దూరం వదలాలో లెక్క కట్టడం తేలిక. నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో కాండం చుట్టుకొలత తీసుకుని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. దానికి 12 రెట్లు దూరం కాండం చుట్టూ వదలాలి. చుట్టుకొలత 150 సెం.మీ. ఉంటే వ్యాసం సుమారు 48 సెం.మీ., వదలాల్సిన దూరం దాదాపు 5.7 మీటర్లు. పని మొదలుపెట్టక ముందే అక్కడ కంచె వేయాలి. ఇసుక, ఇటుకలు ఆ లోపల పోయకూడదు, లారీ తిరగకూడదు. మట్టి అణిగితే వేళ్లకు గాలి అందదు. సిమెంటు కలిపిన డ్రమ్ములు కడిగిన నీళ్లు మరీ ప్రమాదం. వాటి క్షారం లేత వేళ్లను మాడ్చేస్తుంది.

పైపు తప్పనిసరిగా అటే వెళ్లాల్సి ఉంటే పొక్లెయిన్ పెట్టకూడదు. దాని పన్ను వేరును కోయదు, పీకుతుంది. చీలిక కాండం వైపు పాకి కుళ్లు పడుతుంది. చేత్తో తవ్వుతూ 25 మి.మీ. కంటే సన్నని వేళ్లనే పదునైన రంపంతో నున్నగా కోయాలి. అంతకన్నా లావైనవాటిని ఉంచి, వాటి కింద నుంచి పైపు దూర్చాలి. బయటపడిన వేళ్లకు తడి గోనెపట్టా చుట్టి వీలైనంత త్వరగా మట్టి కప్పాలి. మొదలు చుట్టూ వేసిన టైల్స్ తీసేటప్పుడూ గడ్డపారతో వేళ్లు గాయపడకుండా చూడాలి. ఆ చోట సిమెంటుకు బదులు మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు, చెక్కపొట్టు పరిస్తే చాలు. అది కాండానికి మాత్రం ఆనకూడదు, బెరడు కుళ్లుతుంది.

అధికారులు చేయవలసిన పని ఒకటుంది. ఇంటి ప్లాన్‌తో ఇచ్చే డ్రాయింగులో స్థలంలోని, ప్రహరీకి ఆనుకుని ఉన్న ప్రతి రక్షిత చెట్టునూ, దాని వేళ్ల పరిధినీ గీసి చూపించమనాలి. కేబుల్, డ్రైనేజీ టెండర్లకూ ఇదే షరతు ఉండాలి. ఆ గీత లోపల తవ్వాలంటే చెట్టు నరకడానికి కావలసిన అనుమతే తీసుకోవాలి. గొయ్యి పూడ్చక ముందే ఫొటోలు తీసి ఫైలులో పెట్టించాలి, ఎందుకంటే పూడ్చాక ఏ వేరు ఎవరు కోశారో తేల్చడం దాదాపు అసాధ్యం.

– ఒక ఉద్యాన నిపుణుడు