పిండిమర, బీరకాయ, నువ్వు అడిగిన ప్రశ్న

ఒరేయ్ రాఘవా,

మొదటి ప్రపంచయుద్ధంలో సోమ్ దగ్గర బ్రిటిష్ సైనికులు చేసిన దాడి గురించి మొన్న ఆదివారం ఫోనులో నువ్వు అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. కుక్కర్ కూత వేసింది, మా ఆవిడ పిలిచింది, మాట అక్కడే తెగిపోయింది. "ఎదురుగా మెషీన్ గన్ ఉందని తెలిసి కూడా నడుచుకుంటూ వెళ్ళారేమిటిరా, కనీసం పరుగెత్తవచ్చు కదా" అన్నావు. నాలుగు రోజులుగా అదే నా బుర్రలో తిరుగుతోంది. ఫోనులో చెబితే మధ్యలో అడ్డు తగులుతావు. ఉత్తరంలో నీకు ఆ వీలు లేదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మన ఎన్.సి.సి. క్యాంపు గుర్తు చేసుకో. చింతచెట్టు కింద దుప్పటి పరిచి మనకు నేర్పే ఉస్తాద్ ఎల్.ఎం.జి.ని, అంటే తేలికపాటి మెషీన్ గన్‌ని, ముక్కలు ముక్కలుగా విడదీసి చూపించాడు కదా. మనం బ్యారెల్ ఎంత బరువో చూస్తుంటే ఆయన చీపురుపుల్లతో మట్టిలో పొడుగ్గా బీరకాయలాంటి గీత గీశాడు. "రైఫిల్ మనిషిని కొడుతుంది. ఇది నేలను కొడుతుంది" అన్నాడు. తూటాలన్నీ ఒకే చోట పడవు, ఆ బీరకాయ ఆకారంలో నేల మీద చెల్లాచెదురుగా పడతాయి. ఎదురుగా కూర్చుని పేల్చితే పక్కపక్కన వరుసగా వచ్చే మనుషుల్లో ఆ బీరకాయ అడ్డంగా కొందరినే తాకుతుంది. అదే పక్కకు జరిగి కూర్చుంటే వరుస మొత్తం బీరకాయ పొడవునా పడుతుంది. అప్పుడు మనకు భోజనం గంట మీదే ధ్యాస. ఇప్పుడు తలుచుకుంటే, మెషీన్ గన్ గురించి నేను తర్వాత చదివినదంతా ఆ గీతలోనే ఉంది.

తెలుగులో దీన్ని మర తుపాకి అన్నారు. ఎవరు పెట్టారో గాని, భలే పేరు. పిండిమరలాంటిదే. త్రీ నాట్ త్రీ రైఫిల్ పేల్చినప్పుడు నీ భుజం కమిలిపోయి రెండు రోజులు చొక్కా వేసుకోలేకపోయావే, అలాంటి తన్నును చూసే హిరమ్ మాగ్జిమ్ అనే అమెరికన్‌కు ఆలోచన వచ్చింది. ఊరికే వృథా అయ్యే ఆ తన్నునే పనికి పెట్టాడు. ఖాళీ తొడుగు బయటికి నెట్టడం, కొత్త తూటా లోపలికి లాగడం, మళ్ళీ పేల్చడం, అన్నీ ఆ తన్నే చేస్తుంది. 1884 నాటికి లండన్‌లో తయారుచేశాడు. నిమిషానికి సుమారు 600 తూటాలు. గొట్టం కాలిపోకుండా చుట్టూ నీళ్ళ తొట్టె. ఆగకుండా పేలిస్తే ఆ నీళ్ళు కుతకుత ఉడుకుతాయి. అంతకుముందు గాట్లింగ్ అనే ఆయన చేసినదానికి చేత్తో పిడి తిప్పాలి, దీనికి ఆ శ్రమ కూడా లేదు. ఆ మోత వినీ వినీ మాగ్జిమ్‌కు చివరికి బ్రహ్మచెవుడు వచ్చింది.

మొదట్లో ఇది తెల్లవాళ్ళు తెల్లవాళ్ళ మీద వాడే వస్తువు కాదు. 1898 సెప్టెంబరు 2న సూడాన్‌లోని ఓండుర్మాన్ దగ్గర బ్రిటిష్ సేనాని కిచెనర్ సైన్యం మీదికి వచ్చిన సూడాన్ యోధుల్లో 10,000 మందికి పైగా చనిపోయారు. ఇటువైపు పోయినవాళ్ళు 48 మంది. ఫిరంగులకూ రైఫిళ్ళకూ అందులో పెద్ద వాటానే ఉంది, కాదనను. కాని ఐరోపా సేనానులు ఆ లెక్క చూసి ఏం నేర్చుకున్నారు? ఈటెలతో వచ్చేవాళ్ళ గతి ఇది, మనది కాదు అనుకున్నారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

పదహారేళ్ళకే ఆ మర వాళ్ళ ఇంటికే వచ్చింది. 1914 అక్టోబరు 31న బెల్జియంలో హోలెబెకే దగ్గర మన సిపాయి ఖుదాదాద్ ఖాన్ అదే పని మీద ఉన్నాడు. అప్పట్లో బెటాలియన్ మొత్తానికి రెండే మెషీన్ గన్లు. ఒకదాన్ని ఫిరంగిగుండు పాడుచేసింది. రెండోదాని దగ్గర ఉన్న అయిదుగురూ చనిపోయారు. తనకూ గాయాలయ్యాయి, అయినా పేలుస్తూనే ఉన్నాడు. చచ్చాడనుకుని శత్రువు వదిలేసి వెళ్ళాక పాక్కుంటూ తన దళాన్ని చేరాడు. విక్టోరియా క్రాస్ అందుకున్న మొదటి భారతీయ సైనికుడు అతనే.

ఇక నీ ప్రశ్న. 1916 జులై 1, ఫ్రాన్స్‌లోని సోమ్. అందరూ నడవలేదురా, కొన్ని దళాలు ముందుగానే పాక్కుంటూ జర్మన్ల ముళ్ళకంచె దాకా వెళ్ళాయి. నడిచినవాళ్ళ వీపు మీద ఒక్కొక్కరికి 30 కిలోల దాకా బరువు. పైగా వారం రోజులు 15 లక్షల గుండ్లు కురిపించాం, అవతల పురుగు కూడా మిగలలేదు అని పైనుంచి చెప్పారు. జర్మన్లు మాత్రం 30 అడుగుల లోతు గుంటల్లో క్షేమంగా కూర్చున్నారు. బోమాంట్-హామెల్ దగ్గర భూమి కింద పెట్టిన పెద్ద మందుపాతరను 7:20కి పేల్చారు, దాడి 7:30కి. పది నిమిషాల ముందు తలుపు తట్టి వస్తున్నామని చెప్పినట్టే కదా! మెట్లెక్కి తుపాకి నిలబెట్టడానికి అంత సమయం చాలదా?

అక్కడే తొమ్మిది దాటాక, ఇప్పుడు కెనడాలో ఉన్న న్యూఫౌండ్లాండ్ దీవి నుంచి వచ్చిన రెజిమెంట్ బయలుదేరింది. ముందు కందకాలు శవాలతో, గాయపడ్డవాళ్ళతో పూడుకుపోయాయి, అందుకని వెనక నుంచే పైకెక్కి బయలుగా నడిచారు. వాళ్ళ సొంత ముళ్ళకంచెలో వదిలిన సన్నని దారుల్లోంచే దూరాలి. జర్మన్ గన్నర్లు మనుషుల్ని వెతకనే లేదు, గొట్టాన్ని ఆ సందుల మీద పెట్టి ఉంచారు. ఉస్తాద్ బీరకాయ అక్కడ పడింది. అరగంటలో అయిపోయింది. సుమారు 800 మంది వెళితే మర్నాడు హాజరు పలికింది 68 మంది. ఆ ఒక్క రోజు బ్రిటిష్ వైపు చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, తప్పిపోయినవాళ్ళు కలిపి 57,470, అందులో చనిపోయినవాళ్ళు 19,240. పరుగెత్తి ఉంటే కొందరు మిగిలేవాళ్ళేమో, ఆ కంచె సందు దగ్గర మాత్రం పరుగైనా నడకైనా ఒకటే. సోమ్ ముగిసిన వారం లోపే మాగ్జిమ్ కూడా పోయాడు.

నువ్వు అన్నదాంట్లో ఒకటి మాత్రం తప్పు. ఆ యుద్ధంలో ఎక్కువమందిని చంపింది మెషీన్ గన్ కాదు, ఫిరంగి. మెషీన్ గన్ చేసింది వేరే పని. బయలును మూసేసింది. మనుషుల్ని గుంటల్లోకి తోలింది, గుంటల్లో ఉన్నవాళ్ళను ఫిరంగి చూసుకుంది. ఆ మూసిన బయలును తెరవడానికే అదే ఏడాది సెప్టెంబరులో ట్యాంకును తెచ్చారు.

అమృత్‌సర్ వెళ్ళినప్పుడు జలియన్‌వాలాబాగ్ సందులో నేను చేతులు చాచి చూశాను, నీకు చెప్పానో లేదో. డయ్యర్ మెషీన్ గన్లు బిగించిన రెండు సాయుధ కార్లు వెంట తెచ్చాడు. ఆ సందులో పట్టక బయటే వదిలేశాడు. లోపల 50 రైఫిళ్ళు పది నిమిషాల్లో 1,650 తూటాలు పేల్చాయి. రెండు మెషీన్ గన్లకు అది రెండు నిమిషాల పని కూడా కాదు. కార్లు లోపలికి పట్టి ఉంటే వాటినీ వాడేవాడినేమోనని ఆ కాల్పుల మీద విచారణ జరిపిన హంటర్ కమిటీ ముందు తనే ఒప్పుకున్నాడు.

అన్నట్టు ఆ క్యాంపు ఫోటో దొరికింది. సెక్షన్‌లో పది మంది ఉన్నా ఎల్.ఎం.జి. ఒక్కటే, మిగతావాళ్ళంతా దాని మ్యాగజైన్లు మోసే కూలీలే అని ఉస్తాద్ నవ్వించాడు గుర్తుందా? ఫోటోలో నువ్వు రెండు చేతుల్లో రెండు మ్యాగజైన్లు పట్టుకుని పళ్ళికిలిస్తున్నావు. నేను కళ్ళు మూసుకున్నాను. సంక్రాంతికి వస్తే ఇస్తాను, చెల్లెమ్మను, పిల్లల్ని కూడా తీసుకురా.

నీ
సూర్యం