మీసాల తాతగారికి

నిన్న రాత్రి ఇంటికి చేరేసరికి పన్నెండున్నర. పొద్దున్నే మళ్లీ ఫస్ట్ పీరియడ్. గొంతు బొంగురు పోయింది, కాళ్లు నావి కావు. అయినా ఈ థాంక్స్ ఇవాళే రాసేయాలి. రేపటి నుంచి బిల్లులు అతికించే పని మొదలైతే నాకు మనిషి గుర్తుండడు, రసీదే గుర్తుంటుంది.

మాది రాజమండ్రి దగ్గర ఆడపిల్లల గురుకులం. నేను తెలుగు టీచర్ని. వార్షికోత్సవానికి ఈసారి సినిమా పాటల డ్యాన్సులతో సరిపెట్టకుండా నవ్వించే నాటికలు వేద్దామని క్లాసులో నోరు జారాను. ఆ ఊపులోనే కందుకూరి వీరేశలింగం గారి సంగతి కూడా చెప్పాను. ఆయన 1880లో ఇదే రాజమండ్రిలో తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. వకీళ్లను వెక్కిరించే ప్రహసనం అది, జనం 'ప్లీడర్ల నాటకం' అనేవారట. "అయితే మనమూ కోర్టు పెడదాం మేడం" అన్నారు ఎనిమిదో తరగతి పిల్లలు. వారం తిరిగేసరికి 'పప్పు కనబడుట లేదు' అని వాళ్లే రాసుకొచ్చారు. మెస్సులో వడ్డించిన గిన్నెలో నీళ్లున్నాయి, పప్పు ఎక్కడికి పోయిందో తేల్చాలని కేసు. దాంతోపాటు కన్యాశుల్కంలోంచి గిరీశం, వెంకటేశం ముక్క ఒకటి.

రాజమండ్రి నుంచి రావాల్సిన మేకప్ అతను మధ్యాహ్నం మూడింటికి ఫోన్ స్విచాఫ్ చేసుకున్నాడు. ఏడింటికి ప్రోగ్రాం. పద్నాలుగు మంది పిల్లలు, అందులో తొమ్మిది మందికి మీసాలు. నేను కాటుక డబ్బా పట్టుకుని వరండాలో కూలబడ్డాను.

అప్పుడొచ్చారు ఈయన. ఆరో తరగతి చదివే మనవరాలిని చూడ్డానికి వచ్చిన పెద్దాయన. తెల్ల పంచె, చేతిలో జంతికల డబ్బా. ఆ పాపకు నాటికలో వేషం కూడా లేదు. "ఏంటమ్మా టెన్షను" అని అడిగి, విని, డబ్బా పక్కన పెట్టారు. "పద్యనాటకాలకు ముప్పై ఏళ్లు ముఖాలు రాశానమ్మా. సామాను ఇంట్లో ఉండిపోయింది. ఓ బియ్యం గోనె ఉంటే ఇప్పించండి" అన్నారు.

ఆ గోనె అంచు కోసి, పోగులు లాగి, జేబులో దువ్వెనతో దువ్వారు. మెడికల్ రూంలోని ప్లాస్టర్ ముక్క మీద వాటిని ఒక్కొక్క పోగూ కుట్టి, చివర్లు కత్తిరించి, కాటుక రాశారు. అలా ఒక మీసం. అలాంటివి తొమ్మిది. వకీలుకు మెలేసిన మీసం, బంట్రోతుకు వేలాడే మీసం, జడ్జిగారికి మాత్రం కాటుక రాయకుండా నెరిసిన మీసం. బుగ్గలకు కొబ్బరినూనెలో కుంకుమ. నాకు ఎక్కువనిపించి అడిగితే "లైట్ల కింద తేలిపోద్దమ్మా, ఉండనీ" అన్నారు. మనవరాలు పక్కనే అద్దం పట్టుకుని నిలబడింది. తాతతో గడపాల్సిన ఆ పాప సాయంత్రమంతా అలా అద్దం పట్టుకోవడంలోనే పోయింది.

జడ్జి వేషం పిల్ల వణికిపోతోంది. ఆ పిల్లకోసం ఇంటి నుంచి ఎవరూ రాలేదు. తాతగారు ఆ పిల్ల గడ్డం పట్టుకుని "నువ్వు నవ్వకూడదు. నువ్వు నవ్వితే వాళ్లు నవ్వరు. నిజంగానే పప్పు పోయిందనుకో" అన్నారు. అంతే. స్టేజి మీద వాదనల మధ్యలో మీసం ఒక పక్క ఊడింది. ఆ పిల్ల పెదవి కదపకుండా వేలితో అదిమిపట్టి, "ఆర్డర్ ఆర్డర్! మీసం కూడా ఆర్డర్!" అంది. అది స్క్రిప్టులో లేదు. గ్రౌండంతా విరగబడి నవ్వింది.

నేను ఏడ్చింది అప్పుడు కాదు. ప్రోగ్రాం అయ్యాక పిల్లలు ప్లాస్టర్లు లాగేసుకోబోతుంటే ఈయన ఆపారు. వరసగా కూర్చోబెట్టి, దూది కొబ్బరినూనెలో ముంచి, "కళ్లు మూసుకో తల్లీ" అంటూ పద్నాలుగు ముఖాలూ తుడిచారు. ఆఖరి బస్సు అప్పటికే వెళ్లిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలుసు. నేను స్టోర్ రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

ఇంత జరిగితే, నాటికకు పైసా లేదు. ప్రోగ్రాం షీటులో 'సాంస్కృతిక కార్యక్రమాలు' అని పెద్దక్షరాలతో ఉంటుంది, ఖర్చు రాద్దామంటే ఏ పద్దూ ఉండదు. స్టేషనరీ కింద చూపించుకోమన్నారు. గోనె సంచి ఏ స్టేషనరీయో! రిహార్సల్‌కు రాత్రి స్టడీ అవర్ అయ్యాక అరగంట ఇచ్చారు. పిల్లలు నిద్రకళ్లతో జోకులు చెప్పారు. చివరి రోజు రిహార్సల్ చూసిన పైవాళ్లలో ఒకరు గిరీశం చేతిలో చుట్ట కూడదన్నారు. గిరీశం చేత సోంపు నమిలించాం. పప్పును కూడా తీసేయమన్నారు గానీ, దానికి మాత్రం నేను వినపడనట్టు ఉన్నాను. దీనికి మెమో వస్తే రానీండి.

మా ఆయన, అత్తయ్య ఈ పది రోజులూ ఇల్లు చూసుకున్నారు. వాళ్లకు థాంక్స్ చెబితే నవ్వుతారు.

తాతగారూ, రాత్రి మీరు పెరుగన్నం తిని వాచ్‌మన్ గదిలో పడుకున్నారు. పొద్దున ఇడ్లీ కట్టుకుని వచ్చేసరికి ఐదింటి బస్సుకే వెళ్లిపోయారని చెప్పాడు. మీకు నోటితో థాంక్స్ కూడా చెప్పలేదు. మీ అమ్మాయి ఫోన్లో ఇది చదివి వినిపిస్తుందని ఆశ. జంతికలు మీ మనవరాలికి అందాయి, సగం జడ్జిగారు తినేసింది.

అయ్యో, మర్చిపోయాను: మెస్సు అక్కలు, తమ మీద వేసిన కేసుకు తామే ముందు వరసలో కూర్చుని నవ్వినందుకు. మైకు పోతే వైరు పట్టుకుని గంట నిలబడిన పీఈటీ మేడం. కరెంటు పోగానే వచ్చిన లైన్‌మన్.

ఇంకొకటి. నల్లకోట్లు రెండు ఇచ్చిన వకీలు గారు! ఆయనకు నాటిక కథేంటో ముందే చెప్పాం, అయినా ఇస్త్రీ చేయించి మరీ ఇచ్చారు. సార్, బుధవారం తెచ్చిస్తాం. ఒక దాని కాలరుకు కాటుక అంటింది, ఉతకడానికి వేశాం.