పిల్లలకు తినేటప్పుడు నొప్పి: గమనించవలసినవి

మారతహళ్లి తెలుగు కుటుంబాల సభ్యులకు నమస్కారం.

ముద్ద నోట్లో పెట్టగానే పిల్లలు ఏడుస్తున్నారని ఈ వారం పలువురు రాశారు కనుక, దాన్ని మారాం అనుకునే ముందు టార్చిలైటు వేసి నోరు, చిగుళ్లు, గొంతు చూడవలసిందిగా మనవి. నోటిపుండ్లతో పాటు అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులుంటే అది కాక్సాకీ వంటి వైరస్‌ల వల్ల వచ్చి, సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో తగ్గిపోయే జబ్బు కావచ్చు. అప్పుడు చారన్నం కంటే చల్లని పెరుగన్నమే హాయిగా దిగుతుంది. పుచ్చుపళ్లు, గొంతువాపు వల్ల కూడా తినేటప్పుడు నొప్పి వస్తుందన్న సంగతి మీకు తెలిసినదే.

తిన్న కాసేపటికి కడుపు పట్టుకుంటే మలబద్ధకం ఉందేమో చూడండి, మనం అడగడం మరిచేది ఇదే. ఆహారం పొట్టలోకి చేరగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది, అక్కడ మలం గట్టిపడి ఉంటే నొప్పి వస్తుంది. ఛాతీలో మంట, పులితేన్పులు ఉంటే పొట్టలోని ఆమ్లం పైకి తన్నుతుండవచ్చు. ముద్ద తరచూ అడ్డుపడుతుంటే అన్నవాహికలో (గొంతు నుంచి పొట్టకు ఆహారం వెళ్లే గొట్టంలో) అలర్జీ వాపు ఉండవచ్చు.

హఠాత్తుగా మింగలేక చొంగ కారుస్తుంటే బటన్ బ్యాటరీ (బొమ్మల్లో, గడియారాల్లో ఉండే బిళ్ల లాంటి చిన్న బ్యాటరీ) మింగారేమోనని అనుమానించాలి. అది 2 గంటల్లోనే అన్నవాహికను కాల్చగలదు కనుక, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. నీళ్లు కూడా తాగక మూత్రం బాగా తగ్గినా ఆ రోజే పిల్లల డాక్టరుకు చూపించండి.